ఉన్ని రోవింగ్‌కు ఇంట్లోనే రంగులద్ది నూలు వడకడం

రోవింగ్‌కు, అంటే వడకడానికి వీలుగా ఏకి తాడులా తీసిన ఉన్నికి, రంగు వేసేటప్పుడు రంగు బాగా పట్టిందా లేదా అన్నది సగం సంగతే. మిగతా సగం, పోచలు ఒకదాని మీద ఒకటి జారే గుణం గిన్నెలో చెడిపోకుండా చూడటం. వడికేసిన నూలుకు రంగు వేస్తుంటే అది కాస్త అట్టకట్టినా అల్లడానికి పనికొస్తుంది. రోవింగ్ అట్టకడితే మాత్రం కదురు దగ్గర పోచ విడిరాదు, లాగిన చోటల్లా ముద్దగా వస్తుంది. అందుకే కింద చెప్పే ప్రతి పనిలోనూ, ఇది వడికేటప్పుడు చేతికి ఎలా తగులుతుంది అన్నదే ముందు చూడాలి.

ఉన్ని, సరంజామా

మొదటిసారికి 100 గ్రాముల రోవింగ్ చాలు. దువ్వెనతో దువ్వి పోచలన్నీ ఒకే వరుసలో పెట్టినదాన్ని టాప్ అంటారు, కేవలం ఏకి తాడులా తీసినదాన్ని రోవింగ్ అంటారు. దుకాణాల్లో రెంటినీ రోవింగ్ అనే అమ్ముతారు, ఈ పనికి రెండూ సరిపోతాయి. మామూలు టాప్ మీటరుకు 20 నుంచి 25 గ్రాములు తూగుతుంది కాబట్టి 100 గ్రాములంటే నాలుగైదు మీటర్లు ఉంటుంది.

వడకడం కొత్తవాళ్లు కోరిడేల్ రకంతో మొదలుపెడితే మంచిది. దాని పోచ 25 నుంచి 30 మైక్రాన్ల మందంతో, పొడవుగా, చేతికి కాస్త పట్టు దొరికేలా ఉంటుంది. మెరీనో ఎంతో మెత్తన, కానీ పోచ పొట్టి, జారుడెక్కువ, గిన్నెలో అన్నిటికంటే ముందు అట్టకట్టేది కూడా అదే. సూపర్‌వాష్ అని రాసిన ఉన్ని మీది పొలుసులను రసాయనాలతో అణచేసి ఉంటారు. అది అట్టకట్టదు, రంగును చాలా వేగంగా తాగుతుంది, వేళ్ల మధ్య నుంచి మాత్రం జారిపోతూ ఉంటుంది. మొదటిసారికి అది వద్దు.

గిన్నె స్టీలుదో, పెచ్చులూడని ఎనామెల్‌దో కావాలి. ఇనుము, అల్యూమినియం రంగును మార్చేస్తాయి. 100 గ్రాములకు నాలుగు లీటర్ల నీళ్లు పట్టాక కూడా పైన ఖాళీ మిగలాలి. థర్మామీటరు, గ్రాములో పదో వంతు దాకా తూచే త్రాసు, సిరంజిలు, రబ్బరు తొడుగులు, మాస్కు, నీళ్లలో ఆమ్లం ఎంతుందో చూపే పిహెచ్ కాగితాలు ఉంచుకోండి. ఒకసారి అద్దకానికి వాడిన గిన్నె, గరిటె ఇక వంటింటికి వెళ్లకూడదు. రంగు పొడిని కలిపేటప్పుడు మాస్కు తీయొద్దు, ఫ్యాను ఆపేయండి, బల్ల మీద తడి గుడ్డ పరవండి. కంటికి కనిపించనంత పొడి ఎగిరి పక్కనున్న తెల్ల ఉన్ని మీద పడినా, అది తడిసినప్పుడు మచ్చలుగా బయటపడుతుంది.

రంగు నీళ్ల లెక్క

ఉన్ని ప్రొటీన్. ఆమ్లం కలిసిన వేడి నీళ్లలో ఆ ప్రొటీన్ మీద ధనావేశం ఏర్పడి, ఋణావేశమున్న యాసిడ్ డై రంగు దాన్ని అంటిపెట్టుకుంటుంది. ఇందులో ఆమ్లం, వేడి రెండూ అవసరమే. ఏ ఒక్కటి తగ్గినా రంగు నీళ్లలోనే మిగిలిపోతుంది. పేరులో యాసిడ్ ఉన్నా ఆ పొడి ఘాటైన ఆమ్లమేమీ కాదు, ఆమ్లపు నీళ్లలో పట్టే రంగు అని అర్థం. నూలు బట్టలకు వాడే రియాక్టివ్ రంగులను సోడాతో, ఆ క్షారపు పద్ధతిలో ఉన్నికి వాడితే పోచ దెబ్బతింటుంది.

పొడిని ప్రతిసారీ తూచే బదులు ఒక శాతం ద్రావణం చేసి పెట్టుకుంటే పని తేలిక. 5 గ్రాముల పొడిని కొద్ది వేడి నీళ్లతో ముందు ముద్దలా కలిపి, ఆపైన మరిగిన నీళ్లు పోస్తూ మొత్తం 500 మి.లీ. చేయండి. ఒక శాతం ఛాయ అంటే 100 గ్రాముల ఉన్నికి ఒక గ్రాము రంగు, అంటే ఈ ద్రావణం 100 మి.లీ. చాలామంది రంగులు అన్నప్పుడు మనసులో అనుకునే నిండుదనం ఇదే. 50 మి.లీ. వాడితే మధ్యస్థం, 10 మి.లీ. వాడితే లేత ఛాయ. నలుపుకు 200 నుంచి 400 మి.లీ. దాకా పడుతుంది. రంగు వేసిన ప్రతిసారీ ఎంత ఉన్ని, ఎన్ని మి.లీ. అన్నది రాసి, ఎండిన ఉన్ని పోచ ఒకటి పక్కన అంటించండి. తడిగా ఉన్నప్పుడు కనిపించే రంగు ఎండాక బాగా లేతబడుతుంది, కాబట్టి తడి రంగును చూసి ఏదీ నిర్ణయించొద్దు.

నానబెట్టడం

రోవింగ్‌ను చేతి వెడల్పున చుట్టలా చేసి, మూడు నాలుగు చోట్ల నూలు దారంతో ఎనిమిది అంకె ఆకారంలో వదులుగా కట్టండి. బిగించి కడితే కట్టు కింద రంగు దూరక తెల్లగా మిగులుతుంది. 30 డిగ్రీల గోరువెచ్చని నీళ్లలో గిన్నెలు కడిగే ద్రవం రెండు చుక్కలు వేసి, చుట్టను నీటి మీద పెట్టి, దానంతట అది మునిగే వరకు వదిలేయండి. కనీసం అరగంట పడుతుంది, రాత్రంతా ఉంచినా నష్టం లేదు. చేత్తో నొక్కి ముంచాలనిపిస్తుంది, కానీ అలా చేస్తే గాలి లోపలే చిక్కుకుని అక్కడ పొడిగా ఉండిపోతుంది. ఒకే రోవింగ్‌లో తెల్ల మచ్చలు రావడానికి ఎక్కువసార్లు కారణం తొందరపడి నానబెట్టడమే.

ఒకే రంగులో ముంచే పద్ధతి

గిన్నెలో నాలుగు లీటర్ల నీళ్లు 40 డిగ్రీలకు వచ్చాక రంగు ద్రావణం కలపండి. ఉన్ని నుంచి నీటిని మెల్లగా నొక్కి తీసి గిన్నెలోకి జార్చండి. ఆమ్లం ఇంకా వేయొద్దు. పది నిమిషాలు రంగు అంతటా చేరనిచ్చి, ఉన్నిని గరిటెతో ఒక పక్కకు జరిపి, ఖాళీ అయిన చోట 5 శాతం తెల్ల వెనిగర్ 100 మి.లీ. పోయండి. వెనిగర్ బదులు నాలుగైదు గ్రాముల నిమ్మఉప్పు నీళ్లలో కరిగించి పోసినా ఒకటే, వాసన కూడా ఉండదు. పిహెచ్ 4 నుంచి 5 మధ్య ఉంటే సరి. నీళ్లు గట్టివైతే ఆమ్లం కొంచెం ఎక్కువ పడుతుంది, అందుకే కాగితంతో చూడటం.

ఇప్పుడు వేడిని అరగంట నుంచి నలభై నిమిషాల్లో 85–90 డిగ్రీలకు తీసుకెళ్లి, అక్కడ ముప్పై నిమిషాలు నిలపండి. బుడగలు రాకూడదు. మరిగే నీళ్లలో కదలిక ఉంటుంది. వేడి, తడి, కదలిక కలిస్తే ఉన్ని పోచల మీది పొలుసులు ఒకదాన్నొకటి పట్టుకుంటాయి, తర్వాత అవి విడవవు. అందుకే కలపడం కూడా వద్దు. ఎప్పుడైనా ఒకసారి చుట్టను కింది నుంచి మెల్లగా ఎత్తి తిప్పి పెట్టండి, అంతే.

గరిటెలో నీళ్లు తీసి వెలుతురులో చూడండి. తేటగా ఉంటే ఉన్ని రంగంతా తీసుకున్నట్టే. ఇంకా రంగు ఉంటే మరో 30 మి.లీ. వెనిగర్ పోసి పదిహేను నిమిషాలు ఆగండి. అయినా మిగిలితే రంగు ఎక్కువ వేశారన్నమాట, ఆ నీళ్లను వదిలేయండి. పొయ్యి కట్టేశాక ఉన్నిని గిన్నెలోనే, మూతపెట్టి, పూర్తిగా చల్లారే వరకు ఉంచాలి. రాత్రంతా ఉంటే మరీ మంచిది. ఇది దాటేసి వేడి ఉన్నిని చల్లటి కుళాయి కింద పెడితే, అప్పటిదాకా పడ్డ జాగ్రత్తంతా ఒక్క నిమిషంలో పోతుంది.

మొదటే ఆమ్లం వేసిన వేడి నీళ్లలో ఉన్నిని దించితే బయట పోచలకు రంగు ఒక్కసారిగా పట్టేసి లోపల తెల్లగా మిగులుతుంది. కొందరు కావాలనే అలా చేస్తారు. అలాంటి ఉన్ని వడికితే ఒకే రంగులో లేత, ముదురు చుక్కలు కలిసి నూలుకు లోతు వస్తుంది, నున్నగా ఒకే ఛాయ పట్టిన ఉన్ని కంటే ఇదే అందంగా ఉంటుంది. ఊదా, ఆకుపచ్చ, గోధుమ లాంటి కలిపిన రంగుల్లో ఇంకో చిక్కు ఉంది. వాటిలో కలిసిన రంగులు వేరువేరు వేగాలతో ఎక్కడం వల్ల విడిపోతాయి, ఊదా అయితే ఒకచోట ఎర్రగా, ఇంకోచోట నీలంగా కనిపిస్తుంది. వేడిని ఇంకా నెమ్మదిగా పెంచి, ఆమ్లాన్ని మూడు విడతలుగా పోస్తే విడిపోవడం బాగా తగ్గుతుంది.

పలు రంగులు అద్దే పద్ధతి

వడికే వాళ్లకు ఎక్కువ ఆనందమిచ్చేది ఇదే. ఇందులో ఆమ్లాన్ని నానబెట్టే నీళ్లలోనే కలపాలి, లీటరుకు 30 మి.లీ. వెనిగర్ చొప్పున. నానిన ఉన్నిని తువ్వాలులో చుట్టి నొక్కండి. పిండితే నీళ్లు కారకూడదు, కానీ ముట్టుకుంటే బాగా తడి తగలాలి. మరీ తడిగా ఉంటే రంగులు పారి ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి.

బల్ల మీద క్లింగ్ ఫిల్మ్ (ఆహారం చుట్టే పలుచటి ప్లాస్టిక్ పొర) రెండు వరుసలు పరిచి, దాని మీద రోవింగ్‌ను పొడవుగా పెట్టండి. సిరంజితో ఒక్కో రంగు పోస్తూ, తొడుగు వేసుకున్న చేతితో పై నుంచి నిలువుగా నొక్కుతూ పోవాలి, రుద్దకూడదు. రోవింగ్‌ను తిప్పి కింది వైపు చూడండి. పైన ఎంత నిండుగా ఉన్నా కింద చాలాసార్లు తెల్లగానే ఉంటుంది. రెండు రంగుల మధ్య రెండు మూడు సెం.మీ. తెల్లగా వదిలితే అవి తమంతట తాము వచ్చి కలుసుకుంటాయి. 100 గ్రాములకు మొత్తం 150 మి.లీ. ద్రావణం దాటకుండా చూసుకోండి.

పక్కపక్కన ఏ రంగులు పెట్టాలన్నది ఇక్కడే ఆలోచించాలి. పసుపు పక్కన నీలం కలిసిన చోట ఆకుపచ్చ, ఎరుపు పక్కన పసుపు కలిసిన చోట నారింజ వస్తాయి, రెండూ బాగుంటాయి. ఎరుపు పక్కన ఆకుపచ్చ, ఊదా పక్కన పసుపు పెడితే కలిసిన చోట బురద రంగే. గిన్నెలో ఆ చోటు రెండు సెం.మీ. ఉండవచ్చు, కానీ వడికేటప్పుడు పోచలు సాగి ఆ రెండు సెం.మీ. నూలులో ఎన్నో రెట్లు పొడవవుతాయి.

ఫిల్మ్‌ను రెండు వైపులా మడిచి, రంగులు ఒకదానికొకటి తగలకుండా నత్తగుల్లలా చుట్టి, ఆవిరి గిన్నెలో జల్లెడ మీద పెట్టండి. కింది నీళ్లు పొట్లాన్ని తాకకూడదు. ముప్పై నుంచి నలభై నిమిషాలు ఆవిరి పట్టించి, మూత తీయకుండా చల్లారనివ్వండి.

కడగడం, ఆరబెట్టడం

ఉన్ని ఎంత వెచ్చగా ఉందో కడిగే నీళ్లూ అంతే వెచ్చగా ఉండాలి. బకెట్‌లో నీళ్లు ముందు నింపి ఆ తర్వాత ఉన్నిని ముంచండి. కుళాయి ధార నేరుగా ఉన్ని మీద పడితే అక్కడ పోచలు చిక్కుపడతాయి. రంగు ఇంకా దిగుతుంటే ఒక చుక్క సబ్బు ద్రవంతో ఇంకోసారి ముంచండి. మూడుసార్లు అయ్యాక కూడా ఆగకపోతే వేడి చాలలేదని అర్థం. మళ్లీ ఆమ్లపు నీళ్లలో పెట్టి 85 డిగ్రీలకు తీసుకెళ్లాలి.

తువ్వాలులో నొక్కి, చుట్టను విప్పి, నీడలో గాలాడే చోట దండెం మీద అడ్డంగా వేయండి. ఒక కొస పట్టి వేలాడదీస్తే తడి బరువుకు రోవింగ్ సాగి తెగిపోతుంది. సగం ఆరాక పొడవునా మెల్లగా దులపండి, నీళ్ల బరువుకు అతుక్కున్న పోచలు విచ్చుకుంటాయి. లోపల పూర్తిగా ఆరడానికి ఒకటి రెండు రోజులు పడుతుంది. చల్లగా తగిలితే ఇంకా తడి ఉన్నట్టే.

మొక్కల రంగులు వాడాలనుకునేవారికి కొన్ని మాటలు. 100 గ్రాముల ఉన్నికి 12 నుంచి 15 గ్రాముల పటికను వేడి నీళ్లలో కరిగించి, ఉన్నితో కలిపి గంటలో 80–85 డిగ్రీలకు తెచ్చి, గంట ఉంచి, అందులోనే చల్లారబెట్టాలి. మంజిష్ఠ వేరుతో ఎరుపు కావాలంటే 70 డిగ్రీలు దాటనివ్వొద్దు, దాటితే గోధుమ వైపు మళ్లుతుంది. పసుపుకొమ్ము రంగు అందంగా పడుతుంది కానీ వెలుతురుకు వెలిసిపోతుంది. అన్నభేది (ఫెర్రస్ సల్ఫేట్) ఛాయలను ముదురు చేస్తుంది, అయితే రెండు శాతం మించితే పోచ గరుకై పెళుసవుతుంది. అన్నిటికంటే ముఖ్యం, మొక్కల కషాయాన్ని పలుచటి గుడ్డలో రెండుసార్లు వడకట్టాలి. నూలుకైతే అంటిన పిప్పి దులిపితే పోతుంది, రోవింగ్‌లో చిక్కిన వేరు పొడి నూలులోకే వడికిపోతుంది.

వడకడానికి ముందు

ఆరిన రోవింగ్ కొన్నప్పటి కంటే బిగుసుకుని ఉండటం సహజం. ఒక మూర పొడవు తీసి, రెండు చేతుల మధ్య 20 సెం.మీ. ఎడం ఉంచి అటూ ఇటూ కొద్దిగా లాగండి. పోచలు జారడం వేళ్లకు తెలుస్తుంది, తెగే దాకా లాగొద్దు. ఇలా ఆ చివరి నుంచి ఈ చివరి దాకా చేసి, నిలువుగా నాలుగైదు పీలికలుగా చీల్చండి. బొటనవేలి కంటే లావుగా ఉన్న పీలికతో కొత్తవాళ్లకు నూలు సన్నగా రాదు.

రంగుల వరుసను నిర్ణయించేది ఈ చీల్చడమే. చీల్చకుండా మొత్తాన్ని వడికితే ఒక్కో రంగు చాలా మీటర్లు నిలుస్తుంది. ఎనిమిది పీలికలు చేస్తే రంగులు త్వరత్వరగా మారుతూ పోతాయి. రెండు పేటల నూలుకు చక్కటి ఉపాయం ఒకటుంది. రోవింగ్‌ను నిలువుగా 50 గ్రాముల రెండు సగాలు చేసి, ఒక సగాన్ని అలాగే, రెండో సగాన్ని నాలుగు పీలికలు చేసి ఒకే చివరి నుంచి వరుసగా వడకండి. రెండూ కలిపి పేనినప్పుడు ఒక పేటలో రంగు నెమ్మదిగా మారుతుంటే, దాని పక్కనే రెండో పేటలో అదే వరుస నాలుగుసార్లు తిరుగుతుంది. అల్లిక మీద వచ్చే చారలు ఒకదానిలాగా ఒకటి ఉండవు, అయినా అన్నీ ఒకే కుటుంబంలా కలిసిపోతాయి.

కదురు మీద

వేలాడే కదురు 30 నుంచి 45 గ్రాముల బరువున్నది మొదటికి మంచిది. మరీ తేలికైనది త్వరగా ఆగిపోతుంది, మరీ బరువైనది సన్న పోగును తెంపేస్తుంది. పత్తికి వాడే చిన్న తకిలీ దీనికి సరిపోదు. కాడకు ముందు 50 సెం.మీ. ఉన్ని దారం కట్టి, దాన్ని కొక్కేనికి తగిలించండి. ఆ దారం చివర, పీలిక చివర ఏడెనిమిది సెం.మీ. ఒకదాని మీద ఒకటి పెట్టి, కదురును సవ్య దిశలో తిప్పితే పురి రెంటినీ కట్టేస్తుంది. ముడి వేయక్కర్లేదు. తెగినప్పుడు అతికేదీ ఇలాగే, పోగు కొసను పోచలు విడేలా విప్పి పెట్టుకుంటే చాలు.

మొదట్లో తిప్పడం, లాగడం ఒకేసారి చేయొద్దు. కదురును తిప్పి పురి నిండాక మోకాళ్ల మధ్య పట్టుకోండి. పై చెయ్యి రోవింగ్‌ను వదులుగా పట్టుకుంటుంది, కింది చేతి బొటనవేలు, చూపుడువేలు పురి పైకి పాకకుండా అడ్డుపెట్టి ఉంచుతాయి. పై చేతిని మెల్లగా వెనక్కి లాగి, పోచలు సన్నబడ్డాక కింది వేళ్లను పైకి జరిపి పురిని రానివ్వండి. అడ్డుపెట్టక ముందే పురి రోవింగ్‌లోకి పాకితే ఆ చోట ఇక సాగదు.

ఎంత లాగినా పోచ రాకపోతే బలం పెంచొద్దు, చేతులను దూరం చేయండి. రెండు చేతుల మధ్య దూరం పోచ పొడవుకు ఒకటిన్నర రెట్లు ఉండాలి. అంతకంటే దగ్గరైతే రెండు చేతులూ ఒకే పోచ రెండు కొసలు పట్టుకున్నట్టే. పోచ పొడవు తెలియాలంటే రోవింగ్ చివరి నుంచి వేళ్లతో చిన్న కుచ్చు లాగి చూడండి.

పోగు జారి విడిపోతే పురి తక్కువ. మెలికలు తిరిగి ముడుచుకుపోతూ, గట్టిగా పట్టుకుంటే పటుక్కున తెగితే పురి ఎక్కువ. కదురు ఆగి వెనక్కి తిరగడం మొదలయ్యాక చూసుకోకపోతే పురి అంతా విప్పుకుపోయి కదురు నేలమీద పడుతుంది, కొత్తవాళ్లకు ఎక్కువగా జరిగేది ఇదే. సరిపడిందా అని చూడటానికి, అప్పుడే వడికిన పోగును మధ్యలో మడిచి వదలండి. అది తనకు తానే పేనుకున్న తీరే పేటలు కలిపాక వచ్చే నూలు. నచ్చిన పోగు ముక్కను అట్టకు చుట్టి దగ్గరుంచుకుని మధ్యమధ్యలో పోల్చుకోండి, ఎందుకంటే అలవాటయ్యే కొద్దీ చెయ్యి సన్నగా తీస్తూ పోతుంది. పోగును కదురుకుండే గుండ్రటి బిళ్ల దగ్గర బిగువుగా, శంకువు ఆకారంలో చుట్టాలి. చుట్టిన ఉన్ని 25 గ్రాములు దాటాక కదురు బరువెక్కి తిరగడం మందగిస్తుంది, అప్పుడు ఉండగా చుట్టి మళ్లీ మొదలుపెట్టండి.

పేటలు కలపడం, పురి నిలపడం

రెండు ఉండలను రెండు గిన్నెల్లో వేసి, ఒక రాత్రి ఆగాక రెండు కొసలనూ కదురుకు కట్టి ఈసారి అపసవ్య దిశలో తిప్పండి. రెండు పోగుల బిగువు సమానంగా లేకపోతే బిగువు పోగు చుట్టూ వదులు పోగు బుగ్గలు కడుతూ చుట్టుకుంటుంది. మధ్యలో వేలు పెట్టి రెండింటినీ విడివిడిగా నడిపిస్తే ఈ తేడా రాదు. అట్ట మీది నమూనాతో పోలుస్తూ పురి ఎక్కించండి. రాత్రంతా ఆగిన పోగులో పురి నిద్రపోయినట్టు ఉంటుంది, కాబట్టి పేనిన నూలు కదురు మీద మెలికపడినా కంగారు వద్దు, దాన్ని కడిగాకే చూడాలి.

కుర్చీ వీపు చుట్టూనో, చుట్టే చట్రం మీదనో పెద్ద వలయంలా, అంటే చిలపగా చుట్టి, నాలుగు చోట్ల ఎనిమిది అంకెలా కట్టండి. ఒక చుట్టు 1.5 మీటర్లయితే 120 చుట్లకు 180 మీటర్లు. 40 డిగ్రీల నీళ్లలో రెండు చుక్కల సబ్బు ద్రవంతో ఇరవై నిమిషాలు నానబెట్టి, నొక్కి నీళ్లు తీసి, చిలప లోపల రెండు చేతులు పెట్టి నాలుగైదుసార్లు గట్టిగా జాడించండి. పురి చిలపంతా సమానంగా సర్దుకుంటుంది. బరువు కట్టకుండా ఆరవేయండి. బరువు కట్టి సాగదీసి ఆరబెట్టిన నూలు చూడటానికి నున్నగా ఉంటుంది కానీ, అల్లిన తర్వాత మొదటి ఉతుకులోనే ముడుచుకుపోతుంది.

ఆరాక నూలును స్కేలు చుట్టూ పక్కపక్కన, ఒకదాని మీద ఒకటి ఎక్కకుండా చుట్టి 2.5 సెం.మీ.లో ఎన్ని చుట్లు పట్టాయో లెక్కపెట్టండి. తొమ్మిది నుంచి పన్నెండు వస్తే అది మధ్యస్థ లావు, పద్నాలుగు దాటితే సన్న నూలు. చిలప వెంబడి నాలుగైదు చోట్ల కొలిచి, సగటు లావుకు తగ్గ సూదులు ఎంచుకుని, ముందు ఒక అర చేయి వెడల్పు ముక్క అల్లి చూడండి. లావు, సన్నం చాలా తేడాగా వస్తే ఆ చిలపను సాదా అల్లికకే వాడండి, పువ్వులు, జడలు తీసే అల్లికలో ఆ తేడా కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది.